పెరగనిది జుట్టా, దొరకనిది తీరికా?

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు మనవాళ్ళు. కొందరికి జుట్టు ఉంటుంది, కొందరికి ఉండదు, అదంతా పుట్టుకతో వచ్చిన అదృష్టం అన్న నమ్మకం ఈ సామెత వెనకాల ఉంది. అమెరికాలోని నల్లజాతి స్త్రీల విషయంలో ఈ నమ్మకం ఒక తీర్పుగా మారింది. 'వాళ్ళ జుట్టు పెరగదు' అని తెల్లవాళ్ళు అన్నారు. మందులమ్మేవాళ్ళు అన్నారు. చివరికి కూతుళ్ళ తలలు దువ్వుతూ తల్లులూ అదే అనుకున్నారు. ఆ మాట వెనక ఉన్న చరిత్ర తిరగేస్తే అందులో జుట్టు కన్నా ఎక్కువగా కనిపించేది కాలం. నల్లజాతి స్త్రీ రోజులో ఎన్ని గంటలు ఆమెవి, ఎన్ని ఇతరులవి అన్న లెక్క.

ముందు శరీరం సంగతి చూద్దాం. పొడవుని నిర్ణయించేవి రెండు. కుదురు దగ్గర ఎంత పెరిగిందన్నది ఒకటి, కొస దగ్గర ఎంత తెగిపోయిందన్నది రెండోది. 2001లో వెలువడిన ఒక చర్మవైద్య అధ్యయనంలో ఆఫ్రికన్ సంతతివారి జుట్టు సగటున రోజుకి 256 మైక్రోమీటర్లు, తెల్లవారి జుట్టు 396 మైక్రోమీటర్లు పెరుగుతున్నట్టు తేలింది. అంటే ఏడాదికి సుమారుగా 9 సెంటీమీటర్లు, 14 సెంటీమీటర్లు. వేగం తక్కువే. కానీ 9 సెంటీమీటర్లు సున్నా కాదు. ఆ లెక్కన ఐదేళ్ళలో జుట్టు భుజాలు దాటాలి.

చాలామందికి దాటకపోవడానికి కారణం కొసల్లో ఉంది. ఈ వెంట్రుక గుండ్రంగా కాక కోలగా, నొక్కినట్టు ఉండి సుడులు తిరుగుతుంది. మెలిక పడిన ప్రతిచోటా బలహీనమే. మాడు నుంచి ఊరే జిడ్డు ఆ సుడుల వెంట కొసదాకా జారదు కాబట్టి కొసలు ఎండిపోతాయి. పక్క వెంట్రుకలతో పెనవేసుకుని చిక్కు ముళ్ళు పడతాయి. పొడిజుట్టులో సన్నపళ్ళ దువ్వెన దిగితే ఆ ముడి దగ్గరే పుటుక్కున తెగుతుంది. కుదురు దగ్గర వచ్చినంతా కొస దగ్గర పోతుంటే అద్దంలో ఏళ్ళ తరబడి అదే పొడవు కనిపిస్తుంది. దాన్నే 'పెరగకపోవడం' అన్నారు.

కాబట్టి ఈ జుట్టుకి పొడవు రావాలంటే పెంచడం కన్నా నిలుపుకోవడం ముఖ్యం. తడిపి, నూనో వెన్నో పట్టించి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి వేళ్ళతో చిక్కు తీసి, పాయలుగా అల్లి, కొసలు లోపలికి దాచి, రోజుల తరబడి కదపకుండా ఉంచాలి. ఈ సంగతి ఆఫ్రికా స్త్రీలకి బాగా తెలుసు. యోరుబా స్త్రీలు పాయపాయకీ దారం చుట్టి జుట్టుని సాగదీసి ఉంచుతారు. చాద్ దేశపు బసారా స్త్రీలు చెబే అనే పొడిని నూనెతో కలిపి, మాడుకి కాకుండా వెంట్రుకల పొడుగునా పట్టించి జడలు వేస్తారు. అది జుట్టు మొలిపించే మందు కాదు, ఉన్నది తెగకుండా కాపాడే పూత. ఇదంతా గంటల తరబడి సాగే పని. ఒక్కరూ చేసుకునేదీ కాదు. ఒకరి తల ఇంకొకరి ఒళ్ళో ఉండాలి.

బానిస ఓడల్లో అట్లాంటిక్ దాటిన స్త్రీలకి దువ్వెనలూ, అలవాటైన నూనెలే కాదు, ఈ గంటలు కూడా లేకుండా పోయాయి. 1930లలో అమెరికా ప్రభుత్వం ఒకప్పటి బానిసల జ్ఞాపకాలను నమోదు చేయించింది. వాటిలో జుట్టు ప్రస్తావన వచ్చినప్పుడు ఆదివారం ప్రస్తావన కూడా వస్తుంది. వారమంతా పాయలకి దారమో, గుడ్డపీలికలో చుట్టి తలగుడ్డ కట్టుకునేవారు. ఆదివారం విప్పి దువ్వుకునేవారు. దువ్వెన దొరక్క ఉన్ని ఏకే ముళ్ళ పలకతో దువ్వుకున్న సందర్భాలున్నాయి. గమనిస్తే దారం చుట్టే ఆ పద్ధతి పశ్చిమాఫ్రికా స్త్రీల పద్ధతికి దగ్గరగానే ఉంది. ఆరు రోజులు యజమానివి, ఒక్క రోజు మాత్రం తమది అయినచోట కూడా ఆ విద్యలో ఇంత మిగిలింది.

స్వేచ్ఛ ఉన్న స్త్రీల మీద వేరే రకం ఆంక్ష వచ్చింది. 1786లో లూసియానా గవర్నరు ఎస్తెబాన్ మిరో, స్వతంత్రులైన నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీలు తలకి గుడ్డ కట్టుకునే తిరగాలని ఆజ్ఞ జారీ చేశాడు. వాళ్ళు ఖరీదైన రంగురంగుల బట్టలతో ఆ తలగుడ్డనే అలంకారంగా మార్చుకున్నారు. ఒకవైపు వీళ్ళ జుట్టు జుట్టే కాదన్నవారు మరోవైపు దాన్ని కప్పించడానికి చట్టం తెచ్చారంటే, ఆ జుట్టు ఎంత కలవరపెట్టిందో అర్థమవుతుంది.

'పెరగడం' అనే మాటని సరుకుగా మార్చిన కథలో ముఖ్యపాత్ర సారా బ్రీడ్‌లవ్‌ది. 1867లో లూసియానాలో, ఒకప్పటి బానిసల ఇంట స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ. ఏడేళ్ళకి తల్లీ తండ్రీ లేరు, ఇరవయ్యేళ్ళకి భర్త లేడు. సెయింట్ లూయిస్‌లో ఏళ్ళ తరబడి ఇతరుల బట్టలు ఉతికి బతికింది. ఆ రోజుల్లోనే ఆమె జుట్టు రాలిపోవడం మొదలైంది. ఇళ్ళలో కుళాయి లేదు, తలస్నానం అరుదు, మాడంతా పుండ్లు. రోజంతా చేతులు నీళ్ళలో నానుతున్నా తన తల మీద పోసుకోవడానికి నీళ్ళూ తీరికా లేని మనిషి ఆమె. మొదట అనీ టర్న్‌బో తయారుచేసిన మందు అమ్మి, 1906 తర్వాత మేడమ్ సి.జె. వాకర్ పేరుతో సొంతంగా 'వండర్‌ఫుల్ హెయిర్ గ్రోయర్' అమ్మింది. దాన్లో గంధకం, పెట్రోలియం జెల్లీ, కొబ్బరినూనె వంటివి ఉండేవి. గంధకం మాడు జబ్బుకి పనిచేసింది. తరచూ తల కడగమనడం అంతకన్నా ఎక్కువ పనిచేసింది. అయినా డబ్బా మీద 'కడుక్కో, తెగకుండా చూసుకో' అని ఉంటే ఎవరు కొంటారు? 'పెంచేది' అని ఉండాలి.

వాకర్‌ని స్త్రీవాదులు రెండు రకాలుగా చదివారు. తెల్ల సౌందర్యాన్ని అమ్మిందని కొందరు, వేలమంది నల్లజాతి స్త్రీలకి బట్టలుతికే పని నుంచి బయటపడే దారి చూపిందని కొందరు. తను జుట్టు చదును చేసే మనిషిని కానని ఆమె పదేపదే చెప్పుకుంది. కానీ ఆమె పద్ధతిలో కాల్చిన ఇనుప దువ్వెనా ఒక భాగమే. 1917లో ఫిలడెల్ఫియాలో ఆమె పిలిచిన ఏజెంట్ల సభ, నల్లవారిని మూకలు చంపడాన్ని ఆపే చట్టం కావాలని అధ్యక్షుడు విల్సన్‌కి టెలిగ్రామ్ పంపింది. రెండు చదువులూ నిజమే. అయితే ఆ స్త్రీలు కొన్నదాన్ని తెల్లదనం మీది మోజుగా మాత్రమే చూస్తే, దానితోపాటు వారి బతుకులోకి వచ్చిన శుభ్రమైన మాడు, సొంత సంపాదన మన కంటికి కనిపించవు.

తర్వాత వచ్చిన రిలాక్సర్లు అమ్మినది నేరుగా కాలాన్నే. సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా, వెంట్రుకలోని బంధాలను విరిచి సుడిని చదును చేస్తుంది. పొద్దున్నే పనికి పరుగెత్తే స్త్రీకి అది రోజూ కొంత సమయం మిగిల్చింది. బదులుగా వెంట్రుక బలాన్ని తీసుకుంది, కొన్నిసార్లు మాడుని కాల్చింది. కొత్తగా పెరిగినదానికి కొన్ని వారాలకోసారి మళ్ళీ రాయాలి. ఆ మందు పాత జుట్టు మీద మళ్ళీ పడితే అక్కడే తెగుతుంది. అప్పుడు మళ్ళీ 'చూశావా, పెరగదు' అనే మాట. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 33,497 మంది స్త్రీల వివరాలు విశ్లేషించారు. జుట్టు చదును చేసే మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళ లోపు గర్భాశయ కాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం, తరచూ వాడినవారిలో 4.05 శాతం అని అంచనా వేశారు. ఇది సంబంధాన్ని చూపే లెక్క, ఇదే కారణమని తేల్చిన లెక్క కాదు. అయినా మిగిలిన ఆ కాస్త సమయానికి ఎంత వెల కట్టవలసి వచ్చిందో ఆలోచించాలి.

జుట్టుని తెగకుండా నిలిపే జడలకి ఉద్యోగస్థలంలో చోటు లేకపోవడం ఈ కథలో ఇంకో మలుపు. మాడుకి అంటిపెట్టుకుని సన్నగా అల్లే జడల్ని నిషేధించిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని వేసిన కేసులో 1981లో తీర్పు ఆమెకి వ్యతిరేకంగా వచ్చింది. ఆ జడ సహజంగా పెరిగింది కాదు, అల్లుకున్నది, కాబట్టి మార్చుకోవచ్చు అన్నది కోర్టు తర్కం. చట్టం కూడా పెరగడాన్నే ప్రకృతిగా గుర్తించింది, నిలుపుకోవడాన్ని సోకుగా లెక్కేసింది. దీన్ని సరిచేసే క్రౌన్ చట్టాన్ని మొదట కాలిఫోర్నియా రాష్ట్రం చేసింది. అది 2019లో.

సాహిత్యంలోకి వస్తే, జోరా నీల్ హర్స్టన్ 1937 నాటి నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'లో జానీకి నడుము దాటిన జడ ఉంటుంది. ఆ జడ కొసని ఇంకో మగవాడు తాకడం చూసిన భర్త ఆమె తలకి గుడ్డ కట్టిస్తాడు. అతను పోయాక ఆమె ఆ తలగుడ్డలన్నిటినీ కాల్చేస్తుంది. 1786 నాటి ఆజ్ఞ ఇంట్లోకి వచ్చి భర్త ఆజ్ఞ అయింది. బెల్ హుక్స్ 1988లో రాసిన వ్యాసంలో కాల్చిన దువ్వెన వెనకున్న తెల్ల ఆధిపత్యాన్ని విమర్శిస్తూనే, శనివారాలు వంటింట్లో చేరి ఒకరి జుట్టు ఒకరు సరిచేసుకున్న స్త్రీల సాన్నిహిత్యాన్ని ప్రేమగా గుర్తుచేసుకుంది. పద్ధతి మారింది గానీ ఆ శనివారం, బానిసకాలపు ఆదివారానికి కొనసాగింపే. చిమమాండా అడీచీ 'అమెరికానా' (2013)లో ఇఫెమేలు రిలాక్సర్ దెబ్బకి జుట్టు కత్తిరించుకోవలసి వస్తుంది. తన జుట్టుని తను మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుంటుంది.

2000ల తర్వాత వేలాదిమంది ఇదే పని చేశారు. వారంలో ఒక రోజు తలస్నానానికీ, చిక్కు తియ్యడానికీ, అల్లడానికీ కేటాయించుకున్నారు. ఈ ఉద్యమం కూడా పొడవునే కొలతగా పెట్టుకుంటోందనీ, పొట్టి జుట్టుని మళ్ళీ లోపంగా చూస్తోందనీ లోపలివాళ్ళే విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. ఆ రోజంతా తీరిక ఎవరికి ఉంది అన్న ప్రశ్న కూడా జత చేయాలి. రెండు ఉద్యోగాలు చేసే తల్లికి అది లేదు.

తీరిక లేని చోటికే మన జుట్టు చేరింది. క్రిస్ రాక్ కనిపించే 2009 నాటి డాక్యుమెంటరీ 'గుడ్ హెయిర్', నల్లజాతి స్త్రీలు సెలూన్లలో కుట్టించుకునే జుట్టు మూలాలు వెతుక్కుంటూ మన దేశపు గుళ్ళలోని తలనీలాల దగ్గరికి వస్తుంది. తిరుమలలో కల్యాణకట్ట దగ్గర ఇచ్చిన జుట్టు వేలానికి వెళ్తుంది, ఎగుమతి అవుతుంది. రెండడుగుల జుట్టు అంటే ఒక స్త్రీ తల మీద నాలుగైదేళ్ళు. ఆ ఏళ్ళ వెనక నూనె రాసిన చేతులూ, చిక్కు తీసిన సాయంత్రాలూ ఉన్నాయి. ఇచ్చిన స్త్రీకి అది మొక్కు, డబ్బు రాదు, రావాలని ఆమె అడగదు కూడా. కొన్న స్త్రీకి అది ఖరీదు. ఇద్దరి మధ్యా వేలం ఉంది, వ్యాపారం ఉంది. కుట్టేందుకు జుట్టుని మరీ బిగించి అల్లితే కొన్న స్త్రీ నుదుటి అంచున సొంత జుట్టు ఊడిపోతుంది. వదులుగా అల్లి కుట్టిస్తే కొన్ని నెలలపాటు దాని చాటున ఆమె జుట్టు తెగకుండా నిలవొచ్చు.

'పెరగదు' అన్న మాట నల్లజాతి స్త్రీల చరిత్రని శరీరంగా మార్చి చూపించింది. మన తలనీలాలకి ఆ మార్కెట్లో 'సహజమైన మంచి జుట్టు' అన్న పేరు పడటమూ అలాంటిదే. ఒకచోట స్త్రీల గంటల్ని లాక్కుని, ఆ లేమిని జాతి లక్షణం అన్నారు. ఇంకోచోట స్త్రీలు పోగుచేసిన గంటల్ని కిలోల్లో తూచి, దాన్నీ జాతి లక్షణమే అన్నారు. మన సాహిత్యంలో జడ మీద వర్ణనలకి కొదవ లేదు. ఆ జడ వేసిన చేతుల మీద, ఆ చేతులకి దొరికిన సమయం మీద రాసింది ఎంత ఉందో వెతకడం మనం చెయ్యవలసిన పని.