కరకు మాటల పుట్టిళ్లు

కువైట్‌లో అల్ రాయ్ అంటే గోదాములు, కార్ల షోరూములు, ఫర్నిచర్ కొట్లు, సూక్ అల్ జుమా అని పిలిచే శుక్రవారం సంత, ఐదో రింగ్ రోడ్డు పక్కన 2007లో తెరిచిన అవెన్యూస్ మాల్. కడప, రాయచోటి, రాజంపేట నుంచో గోదావరి జిల్లాల నుంచో వచ్చి ఇలాంటి చోట పనికి కుదిరినవాళ్లకు రోజూ నాలుగు భాషలతో పని. కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, అరబ్బీ, తోటివాళ్లతో హిందీ, గదిలో తెలుగు, కాగితం మీద ఇంగ్లిష్. మొదటి మూడింటితో ఎలాగో నెట్టుకొస్తారు. చిక్కంతా కాగితం దగ్గరే. ‘మా సేటు స్ట్రిక్ట్’ అన్నా, ‘హార్ష్’ అన్నా, ‘ఫోర్స్ చేస్తున్నాడు’ అన్నా మన చెవికి తేడా కొంచెం ఎక్కువా, కొంచెం తక్కువా అన్నంతే. నిజానికి ఈ మాటలు ఒక్కోటీ ఒక్కో పుట్టింటి నుంచి వచ్చాయి. పేర్లు మారినా ఆ ఇంటి బుద్ధులు మాత్రం పోలేదు.

‘హార్ష్’ ఉత్తర ఐరోపా నుంచి ఇంగ్లిష్‌లోకి దిగింది. డేనిష్‌లో దాని చుట్టం ‘హార్స్క్’ అంటే ముక్కిపోయిన అని అర్థం. వెన్న పాడైతే వాడే మాట అది. ఇంగ్లిష్‌లో మొదట చేతికి తగిలే గరుకుకూ గొంతు పట్టే రుచికీ వాడారు. అంటే హార్ష్ చెప్పేది పడేవాడి బాధ గురించి. చేసేవాడి ఉద్దేశంతో దానికి పని లేదు. అందుకే ఎండా హార్షే, సబ్బూ హార్షే.

‘ఆస్టియర్’ది కూడా నాలుక మీది పుట్టుకే. గ్రీకులో దానర్థం నోరు ఎండగట్టే వగరు. పచ్చి వక్క కొరికితే నాలుక పిడచగట్టుకుపోతుందే, అది. తర్వాత నోరు కట్టుకుని బతికే మనుషులకూ, ఖర్చు తగ్గించుకునే ప్రభుత్వాలకూ ఆ పేరు పాకింది. ‘డ్రాస్టిక్’ వైద్యుల దగ్గర పెరిగింది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లిష్ వైద్యులు గట్టి భేదిమందును అలా పిలిచేవారు. గ్రీకులో ‘చేయడం’ అనే క్రియ దాని మూలం. ‘డ్రామా’ పుట్టిందీ అందులోంచే.

‘స్ట్రిక్ట్’ వెనక ఉన్నది తాడు. లాటిన్‌లో బిగించి లాగడమనే క్రియ నుంచి వచ్చింది. ‘స్ట్రెయిన్’ దాని తోబుట్టువు. బిగించిన కట్టు మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. అందుకే స్ట్రిక్ట్ మాస్టారికి ఊళ్లో మంచి పేరే ఉంటుంది. ‘రిగరస్’ వెనక ఉన్నది కొయ్యబారిన స్థితి. చనిపోయిన మనిషి ఒళ్లు బిగుసుకుపోవడాన్ని వైద్యులు ‘రిగర్ మార్టిస్’ అంటారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి జైలును రెండు రకాలు చేసి, చాకిరీతో కూడినదానికి రిగరస్ అని పేరు పెట్టింది. మన కోర్టు వార్తల్లోని ‘కఠిన కారాగార శిక్ష’ అదే. పరిశోధకుడి పనిని రిగరస్ అంటే మాత్రం మెచ్చుకోలు. ‘సివియర్’ లాటిన్‌లో నవ్వెరగని గాంభీర్యం, ఇప్పుడు తీవ్రతకు కొలత. గాలి వేగం గంటకు 89 నుంచి 117 కిలోమీటర్ల మధ్య ఉంటే వాతావరణ శాఖ దాన్ని ‘సివియర్ సైక్లోనిక్ స్టార్మ్’ అంటుంది, మన రేడియో ‘తీవ్ర తుపాను’ అంటుంది. హార్ష్‌కు అలాంటి కొలబద్ద లేదు.

‘క్రూయెల్’ మనకు దగ్గర బంధువు. లాటిన్‌లో పచ్చి మాంసానికీ నెత్తురుకూ చెందిన మాట నుంచి అది వచ్చింది. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘క్రూరం’ మూలమూ అదే.

ఇక ‘ఫోర్స్’. లాటిన్ ‘ఫోర్టిస్’ అంటే బలమైన అని. ఫోర్ట్, ఎఫర్ట్, చివరికి కంఫర్ట్ కూడా ఈ ఇంటి పిల్లలే. ఫోర్స్‌కు స్వతహాగా మంచీ చెడూ లేవు. న్యూటన్ 1687లో లాటిన్‌లో ‘విస్’ అని రాసినదాన్ని 1729 నాటి ఇంగ్లిష్ అనువాదం ఫోర్స్ చేసింది. 2024లో రద్దయిన ఆ శిక్షాస్మృతిలోని 349వ సెక్షన్ కూడా అచ్చం భౌతికశాస్త్ర పాఠంలాగే ఉండేది: మనిషిని కదిలించినా, కదలికను మార్చినా, ఆపినా ఫోర్సే. అతని ఇష్టం లేకుండా, నేరం చేయడానికో, హాని, భయం, చిరాకు కలిగించడానికో చేస్తే 350వ సెక్షన్ దాన్ని నేరపూరిత ఫోర్స్ కింద లెక్కగట్టేది.

మన సుప్రీంకోర్టు ఈ మాటను ఇంకా దూరం తీసుకెళ్లింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు ఇస్తూ, ఆకలీ పేదరికమూ మనిషిని తక్కువ కూలికి తల ఒగ్గేలా చేస్తే అదీ ఫోర్సేనని తేల్చారు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునేది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందన్నారు.

కువైట్‌లోనే ఈ మాటల్ని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అది హార్ష్. ఏటా జూన్ 1 నుంచి ఆగస్టు నెలాఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదు. ఆ నియమం స్ట్రిక్ట్. దాన్ని కాదని ‘ఎక్కకపోతే అకామా (నివాస అనుమతి) రద్దు చేయిస్తా’ అని బెదిరించి ఒకణ్ని మిట్టమధ్యాహ్నం కప్పు మీదికి ఎక్కిస్తే, అక్కడ మొదలవుతుంది ఫోర్స్. 1930 నాటి అంతర్జాతీయ కార్మిక ఒప్పందం నిర్బంధ చాకిరీకి చూసే గుర్తులు రెండు: శిక్ష భయం, ఇష్టం లేకపోవడం. కువైట్ దానికి 1968లో ఒప్పుకుంది.

కడప గల్లీలో ‘జులుం’ అన్నవాడికి కువైట్ అరబ్బీ మరీ కొత్తగా ఉండదు. అది అరబ్బీ ‘జుల్మ్’, పారసీ ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. ఉండాల్సిన చోట ఉండనివ్వకపోవడమే జుల్మ్ అని పాత అరబ్బీ నిఘంటుకారులు చెప్పారు. పారసీ ‘జబర్దస్త్’ అంటే పైచేయి గలవాడని అర్థం. తెలుగులో ‘జబర్దస్తీ’ దౌర్జన్యంగానే మిగిలింది, ‘జబర్దస్త్’ మాత్రం పొగడ్తయి టీవీలో నవ్వుల కార్యక్రమం పేరయింది. భయపెట్టేదనే అర్థంతో మొదలైన ఇంగ్లిష్ ‘టెర్రిఫిక్’ కూడా ఇలాగే మెప్పుగా మారింది.

కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు విశేషణం కోసం వెతుక్కోవడం కన్నా జరిగింది ముందు రాయడం మేలు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది (ఇంటి పనివాళ్లదైతే వాళ్లు ఒప్పుకోకుండా యజమాని ఉంచుకోకూడదని కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టమే చెబుతోంది), జీతం ఎన్ని నెలలు ఆగింది, మానేస్తానంటే ఏమని బెదిరించారు. ఇవి రాస్తే ఫోర్స్ అన్న మాట దానంతటదే నిలబడుతుంది. ‘సేటు చాలా స్ట్రిక్ట్’ అని రాసి ఊరుకుంటే, చదివే అధికారికి అది సేటు మీద మెప్పులా కూడా వినిపించవచ్చు.