విశాఖపట్నం దంతపు పెట్టెలు: పనితనం ఎవరిది?

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, అమెరికాలోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలోనూ ‘విజగపటం’ పనిగా నమోదైన పెట్టెలు, గృహోపకరణాలు ఉన్నాయి. ఆ పేరు విశాఖపట్నానికి ఆంగ్లేయుల ఉచ్చారణలో ఏర్పడిన రూపం. తేయాకు, కుట్టుసామగ్రి, ఉత్తరాలు, నగలు దాచుకోవడానికి ఆ రేవుపట్టణపు కంసాలులు చేసిన పెట్టెలివి. కళాచరిత్ర గ్రంథాలు వీటిని ‘ఆంగ్లో-ఇండియన్’ వర్గంలో చేరుస్తాయి. ఆ వర్గనామంలో కొన్నవారి జాతి, దేశం పేరు ఉన్నాయి గాని చేసినవారి ఊసు లేదు.

ఈ విస్మృతి వలస పాలన నాటి రచనలలోనే మొదలైంది. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఈ పరిశ్రమకు పునాది వేసిన ఘనతను 1860 ప్రాంతంలో కలెక్టరుగా ఉన్న ఫేన్‌కు ఆపాదించింది. నిలిచి ఉన్న వస్తువులు మాత్రం ఇందుకు విరుద్ధమైన సాక్ష్యమిస్తున్నాయి. ఫేన్ రావడానికి శతాబ్దం ముందే ఇక్కడి దంతపు పని పేరుపొందింది.

తొలిదశలోని పని పొదుగుడు పని. టేకు, రోజ్‌వుడ్ వంటి గట్టి కలపలో గాడి తొలిచి, సరిగ్గా ఆ గాడికి సరిపడే దంతపు ముక్కను అమర్చేవారు. ఆపై సన్నని ఉలితో పూలు, తీగలు గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపేవారు. అంచులలోని పూలతీగలు కోరమాండల్ తీరపు అద్దకం బట్టలను గుర్తుచేస్తాయి. 18వ శతాబ్ది ఉత్తరార్ధానికి పద్ధతి మారింది. పెట్టెను చందనపు చెక్కతో కట్టి, పైన అంతటా పలుచని దంతపు రేకులు తొడగసాగారు. మూత తెరిస్తే చందనపు వాసన, పైన ఐరోపా భవనాల బొమ్మలు. ఆ భవనాలను పనివారు చూడలేదు. అచ్చుచిత్రాలను చూసి గీశారు. అయినా వాటి చుట్టూ అల్లిన తీగ మాత్రం తమదే. దీన్ని అనుకరణ అని తేల్చివేయడం తొందరపాటు.

19వ శతాబ్దిలో కొమ్ము, తాబేటి చిప్ప, ఏదుపంది ముళ్లు ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి. ఫొటో చట్రాలు, చదరంగపు పలకలు కూడా తయారయ్యాయి. ఫేన్ వంటి అధికారుల ప్రోత్సాహం ఉంటే అది ఈ కొత్త విపణికి సంబంధించినదే కావచ్చు. విపణిని పెంచడం వేరు, విద్యను నేర్పడం వేరు.

మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్‌కు ఇదే పనితనంతో, దంతపు రేకులు తొడిగిన కుర్చీలు ఉండేవి. 1781లో అతని ఆస్తి వేలంలో మూడవ జార్జి రాజు వాటిని రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి నేటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. సొంతదారు పేరు, కొన్న రాజు పేరు, అందుకున్న రాణి పేరు, వేలం జరిగిన సంవత్సరం, అన్నీ నమోదయ్యాయి. ఉలి పట్టినవారి పేరు ఒక్కటీ ఆ వరుసలో చేరలేదు.