‘గుజ్జు అరిగిపోయింది’ – ఒక మాట వెనుక ఉన్న చరిత్ర

యాభై ఏళ్ళు దాటినవారి నోట మన ప్రాంతాలలో తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: “మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నారండీ.” ఈ మాట చెవిన పడిన నాటినుండి చాలామంది మెట్లెక్కడం మానుకొంటారు. తరువాత గుడికి, సంతకు వెళ్ళడం మానుకొంటారు. కొన్నాళ్ళకు వీధి గుమ్మం దాటడమే మానుకొంటారు. అరిగే వస్తువును ఎంత తక్కువగా వాడితే అంత ఎక్కువకాలం మన్నుతుందనేది లోకజ్ఞానం. బండి చక్రానికీ, చెప్పు అడుగుకూ అది చెల్లుతుంది. ప్రాణమున్న కీలుకు మాత్రం చెల్లదు. ఈ సంగతి వైద్యులకు తెలిసిరావడానికే రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కథను కొంత వివరంగా చెప్పుకొందాం.

ఆస్టియో ఆర్థ్రైటిస్ ఆధునిక జీవనం తెచ్చిపెట్టిన జబ్బని కొందరంటారు. అది నిజం కాదు. 1908లో ఫ్రాన్సులోని లా షపెల్ ఓ సాం గ్రామం వద్ద ఒక గుహలో నియాండర్తల్ మానవుని అస్థిపంజరం దొరికింది. అది సుమారు 50 వేల ఏళ్ళ క్రిందటిది. మార్సెలిన్ బూల్ అనే శాస్త్రజ్ఞుడు దానిని పరిశీలించి, ఆ జాతివారు మోకాళ్ళు వంచి, నడుము వంగి, తూలుతూ నడిచేవారని చిత్రించాడు. అర్ధశతాబ్దం పాటు పాఠ్యపుస్తకాలలో ఆ బొమ్మే నిలిచింది. 1957లో స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు ఆ ఎముకలను తిరిగి పరీక్షించి, అవి తీవ్రమైన కీళ్ళవాతంతో బాధపడిన ఒక వృద్ధునివని గుర్తుచేశారు. ఒక రోగి ఎముకలను చూసి ఒక జాతి నడకనంతటినీ నిర్ణయించినట్లయింది. బూల్ మనసులో ముందే ఏర్పడిన అభిప్రాయం కూడా ఆ పొరపాటులో పాలుపంచుకొన్నది. నాకు మరొక సంగతి ఆసక్తికరంగా తోస్తుంది. పళ్ళు చాలావరకు ఊడిపోయి, వెన్ను, తుంటి దెబ్బతిన్న ఆ మనిషి అంతకాలం బ్రతికాడంటే, అతడు ఆ నొప్పితోనే ఏదో ఒక రీతిన సర్దుకొని జీవించాడన్నమాట.

మన చరకసంహితలో వాతవ్యాధులను వివరించే అధ్యాయంలో సంధిగత వాత లక్షణాలున్నాయి. తాకితే గాలి నిండిన తోలుతిత్తివలె ఉండే వాపు, కీలును చాచినా ముడిచినా నొప్పి. చేతితో తాకి చూసిన వైద్యుడు మాత్రమే వ్రాయగల వర్ణన అది. అరుగుదల అనే ఊహ అక్కడ లేదు.

పాశ్చాత్యదేశాలలో ఈ విషయం మృదులాస్థి పరిశీలనతో మలుపు తిరిగింది. మనం గుజ్జు అని పిలిచేది దీనినే. నిజానికది గుజ్జూ కాదు, జిగురూ కాదు. ఎముకల కొనలను కప్పి ఉండే, లేత కొబ్బరివలె తెల్లగా, నునుపుగా ఉండే గట్టి పొర. 1743లో విలియం హంటర్ అనే యువవైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో, మృదులాస్థి ఒకసారి పుండుపడి నశిస్తే మళ్ళీ పూడదని వ్రాశాడు. ఆ మాట నేటికీ చాలావరకు నిజమే. కాని ‘పోయింది తిరిగి రాదు’ అనే నిరాశకు బీజం కూడా అక్కడే పడింది.

అదే శతాబ్దంలో విలియం హెబర్డెన్ వ్రేళ్ళ చివరి కణుపుల వద్ద కట్టే గట్టి బుడిపెలను గమనించాడు. అప్పట్లో కీళ్ళకు వచ్చే ప్రతి బాధనూ గౌట్ అనే గంపలో వేసేవారు. ఈ బుడిపెలకూ గౌట్‌కూ సంబంధం లేదనీ, ఇవి చూపునకు వికారమే గాని పెద్దగా బాధించవనీ ఆయన చెప్పాడు. ఆయన మరణానంతరం 1802లో వెలువడిన గ్రంథంలో ఈ వివరణ ఉన్నది. నేటికీ వాటిని హెబర్డెన్ కణుపులనే అంటాము. మన అమ్మమ్మల చేతులలో వీటిని చూడనివారుండరు.

జబ్బులను వేరుచేసే పని తరువాతి శతాబ్దంలో సాగింది. ఆల్ఫ్రెడ్ గారడ్ 1848లో గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉన్నదని చూపాడు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే పేరు కూడా ఆయన పెట్టినదే. ఆయన కుమారుడు ఆర్చిబాల్డ్ గారడ్ రుమటాయిడ్‌ను, ఆస్టియో ఆర్థ్రైటిస్‌ను వేర్వేరు వ్యాధులుగా నిలబెట్టాడు. జన్యులోపాల వల్ల వచ్చే జీవరసాయన వ్యాధులను మొదట గుర్తించిన గారడ్ కూడా ఇతడే.

1895లో రంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నాడు. అంతవరకు చేతితో తాకి తెలుసుకొన్న కీలు ఇప్పుడు పటంలో కనబడింది. ఎముకల నడుమ ఖాళీ తగ్గడం, అంచులలో ముళ్ళు మొలవడం కంటికి కట్టాయి. చూసినవారందరికీ తోచిన మాట ఒక్కటే: అరిగింది! 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే బ్రిటిష్ వైద్యులు ఎక్స్‌రేలో కనబడే మార్పులకు సున్నా నుండి నాలుగు వరకు స్థాయిలు నిర్ణయించారు. “నాలుగో స్టేజి అన్నారండీ” అని నేడు రోగులు చెప్పే అంకె అప్పటిదే. ఆ స్థాయిలు పరిశోధకులు జనసమూహాలలో వ్యాధిని లెక్కించుకోవడానికి పనికివచ్చాయి. రోగి పడే బాధను కొలవడానికి కావు.

ఎందుకంటే ఎక్స్‌రేకూ నొప్పికీ పొంతన కుదరదు. పటంలో కీలు ఛిద్రమై కనబడుతున్నా పొలం పనులు చేసుకొనే రైతులను నేను ప్రభుత్వ ఆసుపత్రులలో ఎందరినో చూశాను. పటం దాదాపు శుభ్రంగా ఉన్నా రాత్రుళ్ళు నిద్రపట్టనివారినీ చూశాను. ఈ కెల్‌గ్రెనే 1930ల చివరలో మరొక విలువైన పని చేశాడు. కండరాలలోను, సంధిబంధనాలలోను గాఢమైన ఉప్పునీటిని సూదితో ఎక్కించి, నొప్పి ఎక్కడ తెలుస్తుందో చూశాడు. సూది గుచ్చినచోట కాక దూరంగా మరెక్కడో నొప్పి తెలియడం తరచుగా జరిగింది. తుంటి చెడినవారు మోకాలు పట్టుకొని రావడానికి కారణం ఇటువంటిదే.

ఇంతకూ నొప్పి ఎక్కడనుండి పుడుతున్నది? మృదులాస్థికి నాడులు లేవు, రక్తనాళాలు లేవు. అంటే, అరిగిందని మనం నిందించే ఆ పొర తనంతట తాను నొప్పి పుట్టించలేదు. కీలు లోపలి పల్చని పొర వాయడం, మృదులాస్థి క్రింది ఎముక ఒత్తిడికి గురికావడం, బంధనాలు లాగబడడం, తొడ కండరాలు బలహీనపడడం, వీటన్నిటి కబురు నాడుల ద్వారా మెదడుకు చేరుతుంది. నిద్రలేమి, దిగులు, ఒంటరితనం ఆ కబురును మరింత పెద్దది చేస్తాయి. నిన్న ఓర్చుకోగలిగిన నొప్పి ఇవాళ ఓర్చుకోలేనిది కావడానికి ఒక్క రాత్రిలో ఎముక అరిగిపోనక్కరలేదు.

మందుల చరిత్ర ఇంకొక కథ. 1763లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు పొడి జ్వరాన్ని తగ్గిస్తున్నదని రాయల్ సొసైటీకి వ్రాశాడు. ఆ బెరడులోని సాలిసిన్ నుండి సాలిసిలేట్లు, వాటినుండి 1897లో బేయర్ ప్రయోగశాలలో ఆస్పిరిన్ వచ్చాయి. ఫెలిక్స్ హాఫ్‌మన్ తన తండ్రి కీళ్ళనొప్పులు చూడలేక దానిని తయారుచేశాడనే కథ ప్రచారంలో ఉన్నది గాని, ఆ ఘనత తనదని ఐకెన్‌గ్రూన్ అనే సహోద్యోగి తరువాత వాదించాడు. ఆస్పిరిన్ ఎట్లా పనిచేస్తుందో 1971లో జాన్ వేన్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ ఆ వరుసలోవే. కడుపుకు చేటు లేదంటూ 1999లో వచ్చిన రోఫెకాక్సిబ్ గుండెపోట్ల కారణంగా 2004లో విపణినుండి వైదొలగింది.

డైక్లోఫినాక్ గురించి ఒక మాట. మన దేశంలో 1990లలో రాబందులు మూకుమ్మడిగా నశించాయి. పశువులకిచ్చిన ఈ మందు వాటి కళేబరాలద్వారా రాబందుల మూత్రపిండాలను చెడగొట్టిందని 2004లో తేలింది. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించింది. మనిషి రాబందు కాడు, నిజమే. అయినా చీటీ లేకుండా మందుల దుకాణంలో కొని నెలల తరబడి రోజూ మ్రింగేవారు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి. బి.పి., షుగరు ఉన్న పెద్దల మూత్రపిండాలకు ఈ మాత్రలు మంచివి కావు. అదే మందు పైపూత జెల్‌గా దొరుకుతుంది. మోకాలికి ముందుగా వాడవలసింది అదే. మిరపకాయలోని ఘాటైన కాప్సైసిన్‌తో చేసిన పూత కూడా కొందరికి ఉపశమనమిస్తుంది. ఆ ఘాటును నాడులు గ్రహించే ద్వారాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఇక పేరు లేని పొడులు, గుళికలు తిని వారంలో లేచి పరుగెత్తామనేవారు వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉన్నదేమోనని అనుమానించాలి.

శస్త్రచికిత్స చరిత్రలో నన్ను అన్నిటికంటె ఆకర్షించినవాడు జాన్ చార్న్‌లీ. కీలు మార్చాలనే ఆలోచన ఆయనది కాదు. 1890 ప్రాంతంలోనే బెర్లిన్‌లో గ్లూక్ దంతంతో మోకీలు చేసి అమర్చాడు, చీముపట్టి విఫలమైంది. చార్న్‌లీ పనిచేసిన రైటింగ్టన్ ఆసుపత్రి ఇంగ్లండులో ఒకప్పటి క్షయరోగుల శానిటోరియం. ప్లాస్టిక్ తుంటి అమర్చుకొన్న ఒక రోగి భోజనపు బల్ల మీదికి వంగినప్పుడల్లా కీచుమని శబ్దం వచ్చేదట. ఆ రాపిడిని గురించిన ఆలోచనే చార్న్‌లీని ఈ దారిన నడిపింది. 1950ల చివర ఆయన టెఫ్లాన్‌ గిన్నెను, ఉక్కు బంతిని అమర్చసాగాడు. రోగులు లేచి నడిచారు. అంతా జయమనుకొన్నారు. రెండు మూడేళ్ళలో టెఫ్లాన్ అరిగి, ఆ పొడి చుట్టూ కణజాలం గడ్డకట్టసాగింది. దాదాపు మూడు వందల మందికి అమర్చినవి వ్యర్థమయ్యాయి. వాటిని తొలగించే బాధ్యత చార్న్‌లీ తానే వహించాడు.

1962లో మరమగ్గాల పళ్ళచక్రాలకు వాడే ఒక ప్లాస్టిక్‌ను అమ్మేందుకు ఒక వర్తకప్రతినిధి రైటింగ్టన్‌కు వచ్చాడు. చార్న్‌లీ దానిని లెక్కచేయలేదు. ఆయన ఊళ్ళో లేనప్పుడు హ్యారీ క్రేవెన్ అనే ప్రయోగశాల సాంకేతికుడు దానిని యంత్రంలో పెట్టి నడిపించాడు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత ఇది మూడు వారాలకు కూడా అరగలేదు. అదే పాలిథిలీన్. మరొక దెబ్బ తగలకుండా చార్న్‌లీ టెఫ్లాన్ పొడిని, ఈ కొత్త పొడిని తన తొడలోనే ఎక్కించుకొన్నాడు. కొన్ని నెలల తరువాత టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ చేతికి తగిలింది. రెండవచోట ఏమీ లేదు. ఆ సంగతిని 1963లో లాన్సెట్ పత్రికకు వ్రాశాడు. చనిపోయిన తరువాత తమ తుంటిని పరిశీలనకు ఇవ్వవలసిందని రోగులను కోరేవాడు, వారు సమ్మతించేవారు. అదే ఆసుపత్రిలో పనిచేసిన కెనడా వైద్యుడు గన్‌స్టన్ ఈ సూత్రాన్ని మోకాలికి మళ్ళించాడు. న్యూయార్కులో ఇన్సాల్ 1974 నుండి అమర్చిన మోకీలే నేటివాటికి పూర్వరూపం. మన దేశంలో 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు పరికరాలకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి పన్నులు గాక 54,720 రూపాయలు.

‘అరుగుదల’ అనే మాట యథార్థంగా చెల్లేది ఈ ప్లాస్టిక్ గిన్నెకే. అది వాడినకొద్దీ అరుగుతుంది, తనను తాను బాగుచేసుకోలేదు. జీవమున్న మృదులాస్థికి రక్తప్రసారం లేదు కనుక, అడుగు వేసినప్పుడు నొక్కుకొని, ఎత్తినప్పుడు విచ్చుకొని, కీలునీటినుండే ఆహారం పీల్చుకొంటుంది. కదలిక మానితే దానికి తిండి మానినట్లే.

టెలిస్కోపుతో మోకాలిని కడిగి శుభ్రంచేసే ఆపరేషన్ ఒకప్పుడు విరివిగా జరిగేది. 2002లో అమెరికాలో మోస్లీ బృందం 180 మందిని మూడు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి చర్మంమీద గాట్లు మాత్రం పెట్టి కుట్టింది. రెండేళ్ళ వరకు గమనిస్తే, నిజమైన ఆపరేషన్ జరిగినవారు ఈ గాట్లవారికంటె ఏమీ మెరుగుగా లేరు. ఆ వార్త అప్పట్లో వైద్యలోకంలో కలకలం రేపింది.

దీనికి భిన్నంగా 1997లో అమెరికాలోనే 439 మంది వృద్ధులపై జరిగిన అధ్యయనంలో, పద్దెనిమిది నెలలు నడిచినవారికి, లేదా బరువులతో కండరాలకు పని చెప్పినవారికి నొప్పి తగ్గింది, కీళ్ళు మరింత పాడుకాలేదు. తగ్గుదల అద్భుతమేమీ కాదు, ఓ మోస్తరుది. కాని మాత్రకున్న ప్రమాదాలు దానికి లేవు. శరీరబరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుందని మరొక పరిశోధన తేల్చింది. స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ కీళ్ళరోగులకు తమను తాము చూసుకోవడం నేర్పే తరగతులు నడిపింది. వారిలో నొప్పి తగ్గడానికి, వారు ఎంత వ్యాయామం చేశారన్నదానికంటె ‘నేను దీనిని నిభాయించుకోగలను’ అన్న నమ్మకం పెరగడమే ఎక్కువ దోహదం చేసిందని ఆమె గమనించింది.

మన ఇళ్ళలో ఇది ఆచరించడం కష్టమేమీ కాదు. కుర్చీలో కూర్చొని, ఒక కాలును నేలకు సమాంతరంగా చాచి, తొడ కండరాన్ని బిగించి అయిదు లెక్కపెట్టి దించాలి. పది సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. నొప్పి కొద్దిగా రేగితే భయపడనక్కరలేదు, మరునాటికి తగ్గకుంటే లెక్క తగ్గించుకోవాలి. పీటలు, గొంతుక్కూర్చొనే మరుగుదొడ్డి బాధిస్తే వాటిని మార్చుకోవచ్చు, నడకను మాత్రం వదలకూడదు. కీలు ఒక్కసారిగా ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఈ జబ్బు కాదు, ఆ రోజే వైద్యుని చూడాలి.

చివరగా చేతికర్ర. దానిని పట్టుకొంటే ముసలితనం ఒప్పుకొన్నట్లవుతుందని చాలామందికి నామోషీ. 1956లో వాల్టర్ బ్లౌంట్ అనే అమెరికన్ ఎముకల వైద్యుడు, కర్రను పారవేయవద్దని నచ్చజెబుతూ ఒక వ్యాసమే వ్రాశాడు. చెడిన తుంటిపై పడే భారాన్ని కర్ర ఎంతగా తగ్గిస్తుందో లెక్కకట్టి చూపాడు. మోకాలికీ పద్ధతి అదే. కర్రను నొప్పి ఉన్న కాలివైపు కాదు, రెండవ చేతితో పట్టుకోవాలి. నిలబడి చేయి జారవిడిచినప్పుడు మణికట్టు గీత వరకు దాని ఎత్తుండాలి. నొప్పి కాలితో పాటే అది ముందుకు పడాలి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు, కర్ర ముందు.