గాజునార మోటారుబండ్లు - రంగుపై బొబ్బలు

చరిత్ర యనగా రాజుల యుద్ధములు, శాసనములు, వంశావళులు మాత్రమేయని పలువురు తలచుచుందురు. ఒక మోటారుబండిపై వేసిన రంగు ఏల పొంగినదని విచారించినను కొంత చరిత్ర బయటపడును. దానినే నేడు మీకు మనవి చేసెదను.

గాజును కరగించి వెండ్రుకకంటె సన్నని దారములుగా లాగవచ్చును. ఆ నారను అచ్చుపై చాపవలె పరచి, పాలిఎస్టర్ అను జిగురుద్రవముతో తడిపి ఆరనిచ్చినచో గట్టి పలక యగును. దీనినే ఫైబర్‌గ్లాసు అందురు. ఇది ఇనుమువలె త్రుప్పుపట్టదు, కొయ్యవలె చివుకదు. మన సముద్రతీరమున చేపలవేటకు పోవు పడవలలో పెక్కు నేడు దీనితో చేసినవే.

ఈ నారను విరివిగా తయారుచేయుటకై అమెరికాలో 1938లో ఓవెన్స్-కార్నింగ్ కంపెనీ ఏర్పడెను. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల రాడారు యంత్రములకు ఈ పదార్థముతో కప్పులు చేసిరి. యుద్ధము ముగిసిన పిదప ఇది పడవలకును, మోటారుబండ్లకును వచ్చెను. 1953 జనవరిలో జనరల్ మోటార్స్ కంపెనీవారు న్యూయార్కునందలి వాల్డార్ఫ్-అస్టోరియా హోటలులో కార్వెట్ అను బండిని ప్రదర్శించిరి. దాని రూపకల్పనకు హార్లీ ఎర్ల్ నాయకుడు. అదే సంవత్సరము జూను 30వ తేదీన మిచిగన్ రాష్ట్రమునందలి ఫ్లింటు పట్టణమున మొదటి బండి సిద్ధమయ్యెను. ఆ యేట చేసినవి 300 మాత్రమే, అన్నియు తెల్లనివే. 1954లో పని సెయింట్ లూయిస్ నగరమునకు మారి, 3,640 బండ్లు తయారయ్యెను.

ఉక్కు నేల విడిచిరి? ఉక్కురేకును వంచుటకు వలయు అచ్చులకు ధనమును, కాలమును మిక్కుటముగా పట్టును. కొలదిబండ్లకు అంత వ్యయము గిట్టదు. గాజునారకు ఆ చిక్కు తక్కువ. ఒహాయో రాష్ట్రమున అష్టబులాలోని మోల్డెడ్ ఫైబర్ గ్లాస్ కంపెనీ ఈ బండ్లకు భాగములను చేసి యిచ్చెను. క్రమముగా జంట లోహపు అచ్చుల నడుమ వేడితో నొక్కి చేయు పద్ధతి స్థిరపడెను. అట్లు నొక్కినపుడు గాలి చాలవరకు వెడలిపోవును.

ఆ బండ్లకు నేడు డెబ్బదియేండ్లు దాటినవి. వానిని బాగుచేయించువారు దేశదేశములందు కలరు. గాజునార దెబ్బతగిలినచో రేకువలె సొట్టపడదు, పగులును. పగిలిన భాగమునకు బదులు క్రొత్తది కొని అమర్చి, రంగు వేయింతురు. బండి అద్దమువలె మెరయును. కొన్ని వారములు ఎండలో తిరిగిన పిదప ఆ క్రొత్త భాగముపైననే రంగు బొబ్బలెక్కును. యజమాని రంగువేసినవానిని నిందించును; వాడు రంగును నిందించును. దోషము తరచుగా రంగులో గాక క్రింది పలకలో నుండును.

క్రొత్త భాగములలో పెక్కు ఒంటి అచ్చులో చేతితో పరచినవి. పైపూతకును నారకును నడుమ గాలి చిక్కియుండవచ్చును. మట్టిలో చెమ్మ మిగిలిన కుండ ఆవములో పగులునని మన కుమ్మరి యెరుగును. ఇచట ఎండయే ఆవము. జిగురు పూర్తిగా గట్టిపడనిచో అందలి స్టైరీన్ అను ద్రవ్యము ఆవిరియై రంగును పైకి నెట్టును. పలక అచ్చునుండి ఊడివచ్చుటకై పూసిన మైనము మిగిలినచో రంగు అంటుకొనదు. పాతరంగును తీయు ద్రావకము గాని, నీటితో రుద్దినపుడు చేరిన చెమ్మ గాని బయటపడిన నారలో నిలిచి, పిమ్మట వెలికివచ్చును. చెమ్మగోడపై సున్నము నిలువని విధమే ఇది.

కనుక తెలిసినవారు మొదట మైనమును కడిగి, ఆ పిమ్మటనే గరుకుకాగితముతో రుద్దుదురు. ముందే రుద్దినచో మైనము లోనికి దిగును. పలకను వేడిమిలో నుంచి, గాలిబుడగలు బయటపడిన చోట్ల తెరచి జిగురుతో పూడ్తురు. అది బాగుగా ఆరిన పిదప ఎపాక్సీ అడుగుపూత వేసి, అటుపై రంగు వేయుదురు. ఇందుకు దినములు పట్టును. తొందరపడినవారు రంగునంతయు గీకి, రెండవమారు కూలి చెల్లింపవలసివచ్చును.

ఇందు ధననష్టముకంటె పెద్దది వేరొకటి కలదు. పగిలిన పాతపలకలో నాటి నార, నాటి జిగురు, నాటి పనివారి చేతిగుర్తులు నున్నవి. దానిని పారవైచినచో 1953 నాటి పనితనమునకు ప్రత్యక్షసాక్ష్యము ఒకటి నశించును. అందుచేత బాగుచేయ వీలున్నంతవరకు పాతపలకనే అతికించి నిలుపుట మేలని నా యభిప్రాయము. వీలుకాని యెడల క్రొత్తది అమర్పవచ్చును గాని, తీసిన ముక్కను భద్రపరచి, ఏ భాగము ఏ యేట మారినదో వ్రాసియుంచవలెను. అట్లు వ్రాసియుంచినచో రాబోవు తరమువారు పాతపనిని, క్రొత్తపనిని వేరుపరచి తెలిసికొనగలరు.