అలంకారశాలలయందలి బహుమాన మర్యాద

అమెరికాలో నుద్యోగము చేయుచున్న మా పూర్వశిష్యురా లొకతె కొంతకాలము క్రిందట మాకొక సందేహము వ్రాసినది. ముఖముపై మచ్చలు పోగొట్టుకొనుటకై యామె యొక చర్మవైద్యుని చికిత్సాశాలకు పోయెనట. ముందుగదిలో నొక స్త్రీ లేపనములు పూసి ముఖమును మర్దించినది. లోపలిగదిలో నొక నర్సు మందునీటితో చర్మపు పైపొరను తీసినది. సొమ్ము చెల్లించు యంత్రముమాత్రము రెండుచోట్లను ఒకే ప్రశ్న వేసినది: బహుమానము నూటికి 18 యా, 20 యా, 25 యా? "ఎవరి కీయవలెను మాస్టరుగారూ? ఈయకున్న నమర్యాదయా? నర్సునకిచ్చిన నవమానమా?" అని యామె ప్రశ్న.

మేము బడిపంతులము. అట్టి శాలల గడప త్రొక్కినవారము కాము. అయినను ఆ దేశపు మర్యాద స్థూలముగా నెఱుగుదుము. జుట్టు కత్తిరించువారికిని, గోళ్లు దిద్దువారికిని, ముఖమునకు లేపనము పూయువారికిని నూటికి 15 మొదలు 20 వఱకు నిచ్చుట వాడుక. వైద్యునకును నర్సునకును ఈయరాదు. శాల యజమానురాలు స్వయముగా పని చేసినచో నామెకు నీయ నక్కఱలేదని పూర్వపు నియమము. ఈ మూడింటికిని మూలము మర్యాదగ్రంథములలో కాక చరిత్రలో వెదకవలెను.

ఇంగ్లండులో 1540వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ కాలపు శాసనమొకటి క్షురకులను శస్త్రవైద్యులను ఒకే సంఘముగా కూర్చినది. పండ్లూడబెఱుకుట క్షురకునకు చెల్లును. తక్కిన శస్త్రచికిత్స యతడు చేయరాదు, శస్త్రవైద్యుడు గడ్డము గీయరాదు. ఇరువురును రెండువందలయైదేండ్లు ఒకే కప్పు క్రింద నుండి 1745లో విడిపోయిరి. శస్త్రవైద్యుడు విద్వాంసుల పంక్తిలో చేరెను, అతనికిచ్చునది గౌరవవేతనము. క్షురకుడు అంగడిలోనే నిలిచెను. అతని కిచ్చునది కూలియు, కూలిపై మఱికొంతయు. మా శిష్యురాలు చూచిన ముందుగదికిని లోపలిగదికిని నడుమనున్న గోడ ఆనాడు కట్టినదే యని మాకు తోచుచున్నది.

మన దేశమున నిట్టి గోడ చాలకాలము లేదు. పల్లెలో క్షురకుడే పుండ్లు కోయును, కట్లు కట్టును. అతని భార్య మంత్రసాని. అమరసింహుడు నాపితునకు పర్యాయపదములు పేర్చి శూద్రవర్గమున నుంచెను. అదే కోశమున సైరంధ్రికిచ్చిన లక్షణము మాత్రము విచిత్రమైనది: పరుల యింట నుండియు తనకు తానే వశమైన శిల్పకారిణి యట. విరాటుని యంతఃపురమున ద్రౌపది యెంగిలి ముట్టనని, కాళ్లు కడుగనని ముందే కట్టడి చేసికొని గదా కొలువున చేరినది! తల దువ్వి గంధము తీయు పనిలో గౌరవము పోకుండుటకు షరతు ముందుగా పలుకవలెనని యా కథకుడెఱుగును.

మా బాల్యమున మా యూరి మంగలికి రొక్కమిచ్చువారు తక్కువ. పంటకాలమున కళ్లములో నింటింటికిని నింత యని ధాన్యము మేరగా ముట్టెడిది. పెండ్లిలో వరుని గోళ్లు తీసినందుకు క్రొత్తవస్త్రమును, పళ్లెములో కొన్ని రూపాయలును లభించెడివి. మేర యనునది హక్కు; బహుమానము కాదు. కాని దానిని పుచ్చుకొనునప్పు డతడు కళ్లము చివర చేతులు కట్టుకొని నిలువవలసినదే. కొలత తగ్గినను "చిత్తము, అయ్యగారూ" అని మూట కట్టెడివాడు. కొన్నాళ్లకతడు దగ్గరి పట్టణమునకు పోయి యంగడి తెఱచి, క్షౌరమున కింత, గడ్డమున కింత యని పలక వ్రాసి వ్రేలాడదీసెను. మా తాతగారు అది విని, "వాడు ధర చెప్పువాడయ్యెనా!" అని నొచ్చుకొనిరి. తాతగారికి ధాన్యము మీద లోభము లేదు. ఇచ్చువాని చేయి పైనుండుట యను సుఖము పోయినదని వారి బాధ. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది.

ఆ సుఖమును గూర్చి పాశ్చాత్యులు మనకంటె ముందుగా పోరాడిరి. ఇంగ్లండులో ధనికుల యిండ్లకు విందునకు పోయిన యతిథి వెడలునప్పుడు వరుసగా నిలిచిన సేవకులకెల్ల డబ్బులీయవలసి యుండెడిది. జోనాస్ హాన్వే 1760లో నీ యాచారమును ఖండించుచు లేఖలు ప్రకటించెను. అమెరికావారు తొలుత దీనిని రాచఱికపు దేశముల రోగమని యసహ్యించుకొనిరి. 1904లో జార్జియా రాష్ట్రమున బహుమాన నిరోధక సంఘము పుట్టెను. 1909లో వాషింగ్టను రాష్ట్రము బహుమానమును శాసనముచే నిషేధించి 1913లో నిషేధమును తొలగించుకొనెను. మఱికొన్ని రాష్ట్రములు ననుసరించెను గాని 1926 నాటి కా శాసనములేవియు మిగులలేదు.

వానిలో అయోవా రాష్ట్రపు 1915 నాటి శాసనము మన ప్రస్తావమునకు మిక్కిలి దగ్గఱిది. హోటళ్లతోను భోజనశాలలతోను గూడ క్షౌరశాలను సైత మది పేర్కొని, అందు పనిచేయు నుద్యోగి బహుమానము పుచ్చుకొన్నచో నేరమనెను. 1919లో నా రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. కారణము వినదగినది: కూలివాడు పుచ్చుకొన్న శిక్ష, ప్రక్క కుర్చీయొద్ద అదే పని చేయు యజమాని పుచ్చుకొన్న నేరము లేదు. ఇది సమన్యాయము కాదనిరి. యజమానికి బహుమాన మీయ నక్కఱలేదను మర్యాద యొకవైపు, యజమాని పుచ్చుకొన్నను తప్పులేదను శాసన మొకవైపు! రెంటి నడుమ నలిగినవాడు కత్తెర పట్టిన కూలివాడే.

ఎలిజబెత్ ఆర్డెన్ న్యూయార్కు ఫిఫ్త్ ఎవెన్యూలో 1910లో సౌందర్యశాల తెఱచిన పిమ్మట ముఖసంస్కారము కలవారి స్త్రీల నిత్యకృత్యములలో చేరినది. పని పెరిగినది, కూలి మాత్రము సగము కొనువారి దయపై నిలిచినది. 1966 నాటి సవరణ బహుమానమును కనిష్ఠవేతనములో భాగముగా లెక్కించుకొనుటకు యజమానులకు సెలవిచ్చెను. 1991 మొదలు కేంద్రశాసనము ప్రకారము యజమాని తన చేతినుండి గంటకు 2.13 డాలర్లిచ్చిన చాలును. తక్కినది బహుమానములతో 7.25 కు నిండవలెను, నిండనిచో నతడు పూరింపవలెను. కాలిఫోర్నియా వంటి రాష్ట్రములు మాత్ర మీ తగ్గింపు నొప్పవు. 2025 శాసనము మఱియొక యడుగు వేసినది. బహుమానములలో ఏటికి 25,000 డాలర్ల వఱకు 2028 దాక పనివారి యాదాయపు పన్నునుండి మినహాయింపవచ్చును. ఆ సొమ్ముపై యజమాని కట్టు సామాజికభద్రత పన్నుకు 1993 మొదలు భోజనశాలలకే కలిగిన రాయితీని క్షౌర, నఖ, చర్మసంస్కార శాలలకును విస్తరింపజేసిరి. పూర్వము దయయైన బహుమానము నేడు ప్రభుత్వపు లెక్కలలో నొక పద్దు.

మేము శిష్యురాలికి వ్రాసితిమి: నర్సున కీయవలదమ్మా, ఆమె వృత్తి యా గోడకు లోపలిది; కృతజ్ఞత తెలుపుచు వైద్యునకు నాలుగు మంచిమాటలు వ్రాయుము. ముందుగదిలోని యామెకు తప్పక యిమ్ము. తెరపై నొక్కక, చేతికే యిమ్ము. యజమాని యేమిచ్చుచున్నాడో వీలైన నడుగుము.

ఆమె యటులే చేసి మరల జాబు వ్రాసినది. ఆ ముందుగదిని వైద్యునియొద్ద నద్దెకు పుచ్చుకొని యా స్త్రీయే నడపుచున్నదట. యజమాని వేఱెవ్వరును లేరు. ఇరువది డాలర్ల నోటును మాత్ర మామె కాదనలేదట.