ముందు ఫోర్కు పొడవైతే?

బలిఘట్టం వీధులలో సైకిలుపై పోయే బాలుడు పిడి వదలినా కొంతదూరం సూటిగా సాగగలడు. కారణమేమి? వాలియున్న స్టీరింగు ఇరుసు గీతను నేలవరకు పొడిగిస్తే, అది చక్రము నేలనంటిన చోటికి కొంచెం ముందు పడుతుంది. ఈ ఎడమునే ‘ట్రెయిల్’ అంటారు. చక్రము ఆ గీత వెనుక ఈడ్వబడుతూ తిరిగి తిన్నని దారికి రావడానికి ఇదొక ముఖ్య కారణం.

అమెరికాలో 1960 దశకమున పొడవైన ఫోర్కుల ‘చాపర్’ మోటారు సైకిళ్ళు ప్రబలినవి. క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అను నల్లజాతి నిపుణులు రూపొందించిన వాహనములు 1969లో ‘ఈజీ రైడర్’ చిత్రముతో లోకప్రసిద్ధమైనవి. వారి పేర్లు మాత్రము తెరకెక్కలేదు.

ఫోర్కు సాగి వాలు హెచ్చినకొద్దీ ట్రెయిల్ పెరుగుతుంది. తిన్నని రహదారిపై బండి నిలకడగా పోతుంది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు మాత్రము చక్రము పక్కకు పడబోతుంది. లంబసింగి ఘాటు వంటి చోట ఇది ప్రమాదకరము. మన దేశమున 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇట్టి మార్పులను అనుమతించదు.