సైడ్ బిజినెస్ ఉందా? రూ.1.20 లక్షల లాభానికి రూ.81 వేల ట్యాక్స్ పడొచ్చు!

కూర్మన్నపాలెం (విశాఖపట్నం): స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021లో మొదలైన దీక్షలతో రాష్ట్రమంతా తెలిసిన జంక్షన్ ఇది. ఉక్కు జీతాల మీదే నడిచే ఈ ఏరియాలో డ్యూటీ దిగాక చిన్న షాపో, టిఫిన్ సెంటరో చూసుకుందాం అనుకునే ఉద్యోగులు ముందు ఈ లెక్క చూడాలి.

కొత్త పన్ను విధానంలో 12.75 లక్షల దాకా ట్యాక్స్ లేదు కదా అంటారు. నిజమే, కానీ జీతం ఒక్కటే ఉంటేనే!

2025-26 ఆర్థిక సంవత్సరం లెక్క ఇదీ. జీతం రూ.12.75 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ రూ.75 వేలు తీసేస్తే 12 లక్షలు. రిబేట్‌తో పన్ను సున్నా, కంపెనీ టీడీఎస్ కూడా కట్ చేయదు. అదే ఉద్యోగి షాపులో ఏడాదికి రూ.20 లక్షల అమ్మకాలు, అన్నీ యూపీఐలోనే వచ్చాయనుకుందాం. సెక్షన్ 44ఏడీ కింద కనీసం 6 శాతం, అంటే రూ.1.20 లక్షలు లాభంగా చూపాలి. నగదు అమ్మకాలైతే 8 శాతం. మొత్తం ఆదాయం 13.20 లక్షలకు చేరడంతో రిబేట్ పూర్తిగా పోతుంది. పన్ను రూ.78 వేలు, సెస్‌తో కలిపి రూ.81,120!

లాభం 50 వేలే అయితే? మార్జినల్ రిలీఫ్‌తో పన్ను 50 వేల దగ్గర ఆగుతుంది, సెస్ అదనం. అంటే వచ్చిందంతా పన్నుకే.

టీడీఎస్ పోగా కట్టాల్సింది రూ.10 వేలు, ఆపైన ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ తప్పదు. 44ఏడీ వాళ్లు మార్చి 15లోగా ఒకేసారి కట్టేయొచ్చు. మర్చిపోతే వడ్డీ పడుతుంది. రిటర్న్ ఐటీఆర్-1లో వేస్తే చెల్లదు, ఐటీఆర్-4 వేయాలి. ఇన్సూరెన్స్ ఏజెన్సీ లాంటి కమీషన్ ఆదాయానికి 44ఏడీ వర్తించదు, వాళ్లది ఐటీఆర్-3.

ఇక అందరూ చెప్పే చిట్కా, 'షాపు మా ఆవిడ పేరు మీద పెట్టేస్తా'. పెట్టుబడి భర్త ఊరికే ఇచ్చిన డబ్బైతే, దాని వాటా మేరకు లాభాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆమె సొంత డబ్బుతో నడిపితే ఆ సమస్య లేదు.

ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవారు సొంత వ్యాపారానికి మేనేజ్‌మెంట్ అనుమతి విషయం కండక్ట్ రూల్స్‌లో చూసుకోవాలి. ట్యాక్స్ కట్టిన రసీదు ఆ అనుమతి కిందకు రాదు.